ఎంతకాలం అని అడిగే ముందు జబ్బు పూర్తి పేరు కనుక్కోండి

మా ఆయనకి పాంక్రియాస్‌లో గడ్డ ఉంది, లివర్‌కి కూడా పాకింది అని చెప్పిన రాత్రి నేను చేసిన తప్పు, ఫోన్లో ‘పాంక్రియాస్ క్యాన్సర్ నాలుగో స్టేజ్’ అని కొట్టి చదవడం. తెల్లారేదాకా ఏడ్చాను. బయాప్సీ రిపోర్ట్ వచ్చాక తెలిసింది, నేను చదివిందంతా వేరే జబ్బు గురించని. ఆయనది న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ. పుట్టింది అక్కడే అయినా దాని తీరు వేరు, మందులు వేరు. స్టీవ్ జాబ్స్‌కి వచ్చింది ఈ రకమే, 2003లో బయటపడితే 2011 దాకా ఉన్నారు.

కాబట్టి రిపోర్ట్‌లో ముందు రకం, గ్రేడ్ చూడండి. స్టేజ్ అంటే ఎంతదూరం పాకిందో, గ్రేడ్ అంటే ఎంత జోరుగా పెరుగుతోందో. మనం రెండూ ఒకటే అనుకుంటాం. ఈ జబ్బులో గ్రేడ్ కోసం ముఖ్యంగా చూసేది కీ-67 అనే శాతం (నూటికి ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో): 3 కంటే తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, ఆపైన గ్రేడ్ 3. మా మొదటి రిపోర్ట్‌లో ఆ నంబరే లేదు, కీమోకి తేదీ మాత్రం ఇచ్చేశారు!

అరుదైన క్యాన్సర్ అయితే స్లైడ్స్ (బయాప్సీ ముక్క అంటించిన గాజు పలకలు) ఇంకోచోట చూపించాల్సిందే, మొహమాటం వద్దు. ల్యాబ్‌లో ‘స్లైడ్స్, బ్లాకులు కావాలి’ అని కాగితం రాసిస్తే ఇస్తారు. బ్లాక్ అంటే అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో మైనం, మధ్యలో గోధుమరంగు చుక్కలా ముక్క. మే నెల ఎండలో కారులో వదిలేసి టిఫిన్‌కి వెళ్ళకండి, అది మైనం. హైదరాబాద్‌లో అయితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ లాంటి చోట్ల చూపించుకోవచ్చు, ముంబై టాటా మెమోరియల్‌కి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

చికిత్స ఈ రకం, గ్రేడ్‌ని బట్టే. గ్రేడ్ తక్కువగా ఉండి, డోటాటేట్ పెట్ స్కాన్‌లో (ఈ రకం గడ్డల్ని చూపించే స్కాన్) గడ్డలు వెలిగితే చాలామందికి నాలుగు వారాలకోసారి ఆక్ట్రియోటైడ్ లాంటి హార్మోన్ ఇంజెక్షన్‌తో మొదలుపెడతారు, తర్వాత లుటీషియం అనే రేడియేషన్ మందు ఉంటుంది. డాక్టర్‌ని సూటిగా అడగండి: ఇది నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా, బాధ తగ్గించడానికా? పని చేస్తోందని ఎప్పుడు, ఏ స్కాన్‌తో తెలుస్తుంది? ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో 10 లక్షలు, కానీ మీకు రాసిన మందు అందులో ఉందో లేదో ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

‘రోజులో ఎంతసేపు పడుకుంటున్నారు?’ అని డాక్టర్ అడిగితే నిజం చెప్పండి. మా అత్తయ్య ‘బాగానే తిరుగుతున్నాడండీ’ అనేసింది, ఆయనేమో సగం పొద్దు మంచం మీదే. మందు డోసు, అసలు తట్టుకోగలరా లేదా అన్నది ఈ జవాబు మీదే చాలావరకు తేలుతుంది.

ఇక నెలల లెక్క. మీడియన్ 30 నెలలు అన్నారనుకోండి, సగం మంది అంతకంటే ఎక్కువే బతికారని అర్థం, మీవాళ్ళకి గడువు పెట్టినట్టు కాదు. అది వినాలా వద్దా అన్నది పేషెంట్ ఇష్టం. మనిళ్ళలో దాచేస్తారు, నేనూ దాచబోయాను. చివరికి ఆయన్నే అడిగితే, ‘నెలలు చెప్పొద్దు డాక్టర్‌గారూ, పాప ఇంటర్ పరీక్షలకి నేనే బండి మీద దింపగలనా చెప్పండి’ అన్నారు. మూడు నెలల తర్వాత స్కాన్ చూసి చెప్తానన్నారు డాక్టర్‌గారు. ఆ తేదీని వంటింట్లో క్యాలెండర్ మీద రాసుకున్నాం, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే.