కొత్తగా నాటిన పొదలను విశాఖ ఎండలకు తట్టుకునేలా పెంచడం

విశాఖపట్నంలో సముద్రపు గాలి వీచే రోజుల్లో ఉక్కపోత మనుషులను ఎంత బాధపెట్టినా, గాలిలోని తేమ వల్ల ఆకులకు అంతగా హాని జరగదు. గాలి పడమటికి తిరిగి వడగాడ్పులు మొదలైతే మాత్రం, ఆకుల నుంచి నీరు ఆవిరయ్యే వేగాన్ని కొత్త మొక్క వేళ్లు అందుకోలేవు. అందువల్ల మందార, నందివర్ధనం, నూరువరహాలు వంటి పొదలను వానలు పడ్డాక నాటుకోవడమే మేలు. ఇప్పటికే నాటి ఉంటే నీటి విషయంలో శ్రద్ధ తప్పనిసరి.

నాటిన తర్వాత కొన్ని వారాల వరకు వేళ్లు నర్సరీ కవరులో ఉన్న మట్టిముద్ద దాటి పెద్దగా విస్తరించవు. చుట్టూ నేల తడిగా ఉన్నా ఆ ముద్ద ఎండితే మొక్కకు నీరు లేనట్లే. బంకమట్టితో బిగిసిన ముద్ద ఒకసారి పూర్తిగా ఎండిపోయిందంటే, పైన పోసిన నీరు దానిలోకి ఇంకకుండా పక్కనున్న గుల్ల మట్టిలోకి జారిపోతుంది. కాబట్టి పాదును మరీ వెడల్పుగా చేయకుండా, ముద్ద అంచుకు కాస్త అవతల చిన్న గట్టు కట్టి, ఉదయం ఎండెక్కక ముందే సన్నని ధారగా, ఇంకిన కొద్దీ పోస్తూ ఉండాలి. మోకాలెత్తు మొక్కకు మొదట్లో రోజూ మూడు నాలుగు లీటర్లు సరిపోతాయి. మొదలు దగ్గర రెండు అంగుళాల లోతుకు వేలు దించి చూసి, తడి తగిలితే ఆ పూట నీరు మానేయవచ్చు.

మధ్యాహ్నం ఆకులు వాలగానే బకెట్టు పట్టుకొని పరుగెత్తనవసరం లేదు. సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ ప్రభావమే. తెల్లవారినా వాలి ఉండి మట్టి పొడిగా ఉంటే దాహం. మట్టి చిత్తడిగా ఉంటే వేరు కుళ్లు మొదలై ఉండవచ్చు కనుక నీరు ఆపాలి.

తీరానికి దగ్గర ఇళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడినట్లు కనిపిస్తాయి. అటువంటి చోట కుళాయి నీరు వాడడం మంచిది. ఆర్వో యంత్రం వదిలే నీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి కాబట్టి పొదుపు పేరుతో దానిని మొక్కలకు పోయకూడదు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక ఈ పూలమొక్కలకు నిశ్చింతగా పోయవచ్చు. పాదుపై రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు గాని, ఉప్పు పోయేలా నానబెట్టి కడిగిన కొబ్బరి పీచు గాని పరిచి, కాండానికి తగలకుండా కొంచెం ఎడం ఉంచాలి.

పడమటి ఎండ నేరుగా తగిలే చోట కర్రలు పాతి, సగం ఎండను ఆపే గ్రీన్ నెట్‌ను ఆకులకు తగలకుండా కట్టాలి. సిమెంటు ప్రహరీ రాత్రి కూడా వేడి కక్కుతుంది కాబట్టి దాని పక్కనున్న మొక్కలను మరింత గమనించాలి. కొత్త చిగుళ్లు నిలదొక్కుకునే వరకు యూరియా వంటి ఎరువులు వేయరాదు. మాడిన కొమ్మలను తొందరపడి కత్తిరించకుండా, గోటితో బెరడు కొద్దిగా గీరి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉన్నట్లు. సాధారణంగా జూన్‌లో నైరుతి వానలు నిలకడగా పడ్డాక, మబ్బు పట్టిన రోజు చూసి నెట్ తీసేయవచ్చు.