సిద్దూర్ (యూదు ప్రార్థనల పుస్తకం) పాఠాలను ఆన్‌లైన్‌లో పెట్టేముందు కాపీరైట్ తేల్చుకోవడం ఎలా?

షెమా, అమీదా, కద్దిష్ వంటి యూదు ప్రార్థనల హీబ్రూ, అరమాయిక్ పాఠం ఎవరి సొత్తూ కాదు. తొమ్మిదో శతాబ్దంలో రవ్ అమ్రామ్ గావోన్, పదో శతాబ్దంలో సాదియా గావోన్ ప్రార్థనల క్రమాన్ని గ్రంథస్థం చేసేనాటికే వీటిలో చాలా భాగం స్థిరపడింది. అలాగని అల్మారాలోని సిద్దూర్‌ను స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేస్తే చెల్లదు. పాత పాఠం చుట్టూ అనువాదం, వ్యాఖ్యానం, ఎక్కడ నిలబడాలో ఎక్కడ వంగాలో చెప్పే సూచనలు, ఇరవయ్యో శతాబ్దపు ప్రార్థనలు, పేజీ కూర్పు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో కర్త, ఒక్కో తేదీ. పుస్తకం మొత్తానికి కలిపి ఒకే జవాబు వెతకడం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు.

కనుక ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ప్రతి ప్రార్థనకూ, ప్రతి అనువాదానికీ వేర్వేరు వరుస. పాఠం పేరు, ఏ ఎడిషన్‌లో ఏ పేజీ, రాసినవారు లేదా అనువదించినవారు, వారు మరణించిన ఏడాది, మొదట అచ్చైన ఏడాది, అచ్చైన దేశం, ప్రస్తుత స్థితి: ఇన్ని గడులు కావాలి. ఏదైనా గడి ఖాళీగా ఉంటే ఆ పాఠాన్ని పక్కన పెట్టండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా అభ్యంతరం చెప్తే చూపించడానికి ఉండేది ఈ పట్టికే.

హీబ్రూ పాఠం

ప్రార్థన మాటలు, వాటి మీది నికుద్ (అచ్చులను చూపే) గుర్తులు, బైబిలు భాగాల మీది స్వర చిహ్నాలు సంప్రదాయంగా వస్తున్నవే. వాటిని మళ్లీ టైపు చేసినంత మాత్రాన కొత్త హక్కు పుట్టదు. శ్రమ పడితే చాలదు, సృజన ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో తేల్చింది. కానీ సంపాదకుడు నిర్ణయాలు తీసుకున్న చోట కథ మారుతుంది. ఉదాహరణకు కామత్స్ కతాన్ అనే అచ్చు గుర్తును వేరే ఆకారంలో, పలికే ష్వా అనే మరో గుర్తును పెద్దగా చూపించే ఆధునిక సిద్దూర్లు ఉన్నాయి. ఆ గుర్తులను ఒకే పుస్తకం నుంచి మొదటి నుంచి చివరిదాకా ఎత్తి రాయకండి. పాత పాఠం తీసుకుని వ్యాకరణ నియమాల ప్రకారం మీరే గుర్తులు పెట్టుకోవడం నయం.

శిథిల పాఠాన్ని పూరించిన సందర్భం ఇంకా సున్నితమైనది. మృత సముద్రపు చుట్టలు అనే ప్రాచీన రాతప్రతుల్లోని ఒక పాఠాన్ని ముక్కల నుంచి పునర్నిర్మించిన ఎలిషా కిమ్రోన్‌కు దాని మీద కాపీరైట్ ఉందని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2000లో తీర్పిచ్చింది. మూలం రెండు వేల ఏళ్ల నాటిది, ఖాళీలు పూరించింది ఈ కాలపు పండితుడు. కైరో గెనిజా (సినగాగ్‌లో దాచిన పాత కాగితాల నిల్వ) పత్రాల నుంచి పునర్నిర్మించిన పియ్యూత్‌లను (ప్రార్థనా పద్యాలను) పెట్టాలనుకునేవారు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. జర్మనీలో శాస్త్రీయ పరిష్కృత ప్రతులకు విడిగా 25 ఏళ్ల రక్షణ ఉంది. బ్రిటన్‌లో పేజీ కూర్పుకే, ప్రచురించిన ఏడాది ముగిసిన దగ్గర్నుంచి 25 ఏళ్ల హక్కు ఉంటుంది. అందుకే అక్కడ లోపలి పాఠం ఎంత పాతదైనా, ఈమధ్య అచ్చైన సిద్దూర్ పేజీల ఫొటోలు పెట్టడం ఉల్లంఘనే.

అనువాదం

అసలు చిక్కంతా ఇక్కడ. సిమియన్ సింగర్ ఆంగ్లానువాదంతో 1890లో లండన్‌లో వెలువడిన ప్రార్థనా గ్రంథం ఈనాడు స్వేచ్ఛగా వాడుకోదగినది. సింగర్ 1906లో మరణించారు, బ్రిటన్ లెక్కలో మరణానంతరం 70 ఏళ్లు ఎప్పుడో దాటాయి. అదే సింగర్ పేరుతో 1962లో, 1990లో సవరించిన ఎడిషన్లు వచ్చాయి, 2006లో జొనాథన్ శాక్స్ కొత్త అనువాదంతో మరొకటి వచ్చింది. అట్ట మీది పేరు చూసి మోసపోకుండా శీర్షిక పేజీ వెనక ఉన్న కాపీరైట్ పంక్తి చదవండి. బైబిలు భాగాల విషయంలోనూ ఇంతే. జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ 1917 అనువాదం అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లో (ఎవరైనా వాడుకోగల స్థితిలో) ఉంది, అదే సంస్థ 1985 అనువాదం లేదు. ఆర్ట్‌స్క్రోల్, కోరెన్ ప్రచురణ సంస్థల 1984, 2009 సిద్దూర్ల అనువాదాలు, వ్యాఖ్యానాలు అనుమతి లేకుండా తాకరానివి.

అమెరికాలో తొలిసారి అచ్చైన పుస్తకాలకు లెక్క ఇలా ఉంటుంది. 1977 వరకు వచ్చినవాటికి ప్రచురణ నుంచి 95 ఏళ్లు, గడువు ఆ ఏడాది చివరి రోజున ముగుస్తుంది. అంటే 1930లో వచ్చినది 2026 జనవరి 1 నుంచి అందరిదీ. 1963 దాకా వచ్చినవాటికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 28వ ఏట హక్కును పునరుద్ధరించుకోకపోతే అది అప్పుడే పోయినట్టు. 1949 నాటి సిద్దూర్ అయితే 1976, 1977 రెండేళ్ల నమోదులూ వెతకాలి. పుస్తకాల పునరుద్ధరణలకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డేటాబేస్ ఉంది. రచయిత పేరుతోనే కాక ప్రచురణకర్త పేరుతోనూ, హీబ్రూ శీర్షికను లాటిన్ లిపిలో రెండు మూడు రకాలుగా రాసి కూడా వెతకండి. ఫలితం రాకపోవడానికి స్పెల్లింగే కారణం కావచ్చు. దొరకలేదంటే ఆ వెతుకులాట తెరపట్టును (స్క్రీన్‌షాట్‌ను) పట్టికతో పాటు దాచండి.

ఈ వెసులుబాటు ఇజ్రాయెల్‌లోనో బ్రిటన్‌లోనో మొదట అచ్చైన పుస్తకాలకు వర్తిస్తుందని అనుకోకండి. సొంత దేశంలో 1996 జనవరి 1 నాటికి కాపీరైట్ బతికి ఉన్న విదేశీ రచనలకు అమెరికా పోయిన హక్కును తిరిగి ఇచ్చింది.

కొత్త ప్రార్థనలు పాతవాటి మధ్య కలిసిపోయి కనిపిస్తాయి. 1948 నాటి ఇజ్రాయెల్ రాజ్య క్షేమ ప్రార్థన ముఖ్య రబ్బీలు హెర్జోగ్, ఉజియేల్ పేర్లతో వచ్చింది, నవలాకారుడు అగ్నోన్ చెయ్యి కూడా అందులో ఉందంటారు. ఇజ్రాయెల్‌లో ఉమ్మడి రచనకు చివరగా మరణించిన కర్త తర్వాత 70 ఏళ్లు లెక్క. ఉజియేల్ 1953లో, హెర్జోగ్ 1959లో, అగ్నోన్ 1970లో మరణించారు. అగ్నోన్‌ను కర్తగా లెక్కిస్తే గడువు 2040 చివర, లెక్కించకపోతే 2029 చివర. సాహిత్య చరిత్రకారుల వాదన ఒకటి పదకొండేళ్ల తేడా తెచ్చిపెడుతుంది.

శుభ్రమైన ప్రతి తయారీ

గడువు తీరిందని తేలిన పాత ముద్రణ స్కాన్ నుంచే పని మొదలుపెట్టండి. హీబ్రూబుక్స్ వంటి స్కాన్ పుస్తకాల సైట్లలో పుస్తకం దొరికినంత మాత్రాన అది పబ్లిక్ డొమైన్ అని కాదు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) హల్లులను చాలావరకు బాగానే పడుతుంది గానీ నికుద్ దగ్గర తడబడుతుంది. కామత్స్ గుర్తును పతాఖ్‌గా, ఒకేలా కనిపించే హల్లుల్లోనూ దాలెత్‌ను రేష్‌గా, హేను హెత్‌గా చదివేస్తుంది. ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు మూలం చూస్తూ సరిచూడాలి. దైవనామం ఉన్న పంక్తులను మరోసారి చూడండి, అక్కడి తప్పు పాఠకులను నిజంగా బాధిస్తుంది. ఫాంట్ కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి దానికీ లైసెన్సు ఉంటుంది. ఫ్రాంక్ రూల్ లిబ్రే, ఎజ్రా ఎస్‌ఐఎల్ వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి.

ఇప్పటికే డిజిటల్‌గా ఉన్న పాఠాన్ని తీసుకుంటే లైసెన్సు పంక్తి చదవకుండా కదలకండి. యూదు గ్రంథాల ఆన్‌లైన్ గ్రంథాలయం సెఫారియాలో ఒకే ప్రార్థన పక్కపక్కనే ఉన్న రెండు అనువాదాలకు రెండు లైసెన్సులు ఉండవచ్చు. వాణిజ్యేతర షరతున్న పాఠాన్ని, అదే లైసెన్సుతో పంచాలనే షరతున్న పాఠంతో అల్లి ఒక్క కొత్త రచనగా విడుదల చేయలేరు, రెండు షరతులూ ఒకదాన్నొకటి కాదంటాయి. 2009లో మొదలైన ఓపెన్ సిద్దూర్ ప్రాజెక్ట్ వాణిజ్యేతర షరతును తీసుకోకపోవడానికి ఇలాంటి చిక్కులు చాలు. మీ సొంత అనువాదానికి లైసెన్సు ఎంచుకునేటప్పుడు ఇది ఆలోచించండి. క్రియేటివ్ కామన్స్ (సీసీ) వారి సీసీ జీరో, సీసీ బై, సీసీ బై ఎస్ఏ మూడూ ఇతరులకు పనికొస్తాయి.

అనుమతి అడిగే ఉత్తరంలో ఎడిషన్, పేజీలు, రూపం, మార్పులు చేసే వీలు, మీ దగ్గర్నుంచి మరొకరు తీసుకునే వీలు అన్నీ విడివిడిగా రాయండి. "మీ సైట్‌లో పెట్టుకోండి" అన్న జవాబుతో స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేయలేరు. ఫోన్‌లో అన్న మాటకు విలువ లేదు, రాతపూర్వకంగా రావాలి.

బాణీల సంగతి వేరు. 1894లో మరణించిన స్వరకర్త లెవాండోవ్‌స్కీ స్వరాలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, 1994లో మరణించిన ష్లోమో కార్లెబాఖ్ బాణీలు కావు. సినగాగ్‌లో ఆరాధన సమయంలో పాడటానికి అమెరికా చట్టం మినహాయింపు ఇస్తుంది. అదే ఆరాధనను నెట్‌లో ప్రసారం చేస్తే ఆ మినహాయింపు వెంట రాదు.

చట్టం ఒప్పుకున్నా హలాఖా (యూదు ధర్మశాస్త్రం) ఏమంటుందని చాలామంది అడుగుతారు. ఈ గొడవ కొత్తదేం కాదు. వోల్ఫ్ హైడెన్‌హైమ్ 1800 ప్రాంతంలో రోడెల్‌హైమ్‌లో అచ్చువేసిన మహ్జోర్‌ను (పండుగల ప్రార్థనా గ్రంథాన్ని) ఇతరులు మళ్లీ అచ్చువేసినప్పుడు, శ్రమించినవాడికి రక్షణ ఉండాలని రబ్బీ హతామ్ సోఫెర్ వాదించారు, రబ్బీ మొర్దెఖాయ్ బానెట్ ఒప్పుకోలేదు. నేటి రబ్బీలలో చాలామంది 'దేశ చట్టమే చట్టం' అనే తాల్ముద్ సూత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మీ సమాజపు రబ్బీని అడగండి, కానీ పట్టిక పూర్తయ్యాకే అడగండి.

అమెరికాలో తొలగింపు నోటీసు వస్తే ముందు వివాదం ఏ వరుస మీదో చూడండి. అనువాదం మీదైతే అనువాదాన్ని తీసేసి హీబ్రూను ఉంచవచ్చు. మీ ఆధారం గట్టిదైతే ఎదురు నోటీసు (కౌంటర్ నోటీస్) పంపండి. మొదట నోటీసు ఇచ్చినవారు దావా వేయకపోతే హోస్టింగ్ సంస్థ 10 నుంచి 14 పనిదినాల్లో పాఠాన్ని తిరిగి ఉంచాలి.