నీళ్లు తోడని పంపు, గరగరలాడే పంపు: వాషింగ్ మెషిన్ సమస్య - పరిష్కారం

ఉతకడం అయిపోయినా డ్రమ్ములో నీళ్లు అలాగే నిలబడి ఉంటాయి, తలుపు తెరుచుకోదు. లేదంటే నీళ్లు పోతూనే ఉంటాయి గానీ కింది నుంచి గరగరమని ఒకటే గోల. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, అటు బరంపురం వైపు తెలుగు ఇళ్లలో మెషిన్ బాగుచేయమని నన్ను పిలిచేది ఎక్కువగా ఈ రెండింటికే. పంపు కాలిపోయిందని ముందే తేల్చేసుకుని, కొత్తది ఎంతవుతుందని అడుగుతారు. చాలా ఇళ్లలో పంపు బాగానే ఉంటుంది, అందులో ఏదో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీసే పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. కొత్త పంపు కొనేముందు ఇది చదవండి.

అసలు మీ మెషిన్‌లో పంపు ఉందా?

ముందు నుంచి బట్టలు వేసే ఫ్రంట్ లోడ్ మెషిన్లన్నిటికీ పంపు ఉంటుంది. పై నుంచి బట్టలు వేసేవాటిలో మాత్రం చాలావాటికి ఉండదు. మనవైపు ఎక్కువగా కనిపించే సెమీ ఆటోమేటిక్‌లో డ్రెయిన్ నాబ్ తిప్పితే అడుగున ఉన్న రబ్బరు వాల్వు పైకి లేస్తుంది, నీళ్లు వాటంతట అవే కిందికి జారిపోతాయి. ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్‌లలో చాలావాటిలోనూ ఇదే పద్ధతి. నాబ్ బదులు ఒక చిన్న మోటారు ఆ వాల్వును లాగుతుంది.

ఇలాంటి మెషిన్ నీళ్లు వదలకపోతే ముందు పైపు చూడండి. బాత్‌రూమ్ గడప మీదుగా ఎక్కించారా, బకెట్ అంచుకి తగిలించారా? పైపు నేల మీద పడి ఉంటేనే నీళ్లు పోతాయి. మెషిన్ ఎంతసేపటికీ నిండకుండా నీళ్లు కారిపోతుంటే వాల్వు కింద బొత్తామో, దారపు ఉండో అడ్డుపడి ఉంటుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా పంపు ఉన్న మెషిన్ల గురించి.

ఆ శబ్దం పంపుదేనా?

తేల్చుకోవడం తేలిక. బట్టలు లేకుండా, డ్రెయిన్ ప్రోగ్రామ్ ఒక్కటే పెట్టండి. అది లేని మెషిన్‌లో స్పిన్ పెట్టినా మొదట నీళ్లే తోడుతుంది. డ్రమ్ము కదలకుండా కింద కుడిపక్క నుంచో ఎడమపక్క నుంచో శబ్దం వస్తే అది పంపు. డ్రమ్ము తిరుగుతున్నప్పుడే వస్తే కారణం వేరు. స్విచ్ ఆపి, డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. గీరుకున్నట్టు ఉంటే లోదుస్తుల తీగో, పిన్నీసో డ్రమ్ముకీ బయటి టబ్బుకీ మధ్య పడి ఉంటుంది. స్పిన్‌లో విమానం లేచినంత మోత వస్తే అది బేరింగు. ఆ రెండింటికీ పంపు విప్పి లాభం లేదు.

నీళ్లన్నీ అయిపోయాక చివర్లో గుర్రుగుర్రుమంటే టెన్షన్ పడకండి. నీళ్లతో పాటు గాలి కూడా లాగుతోంది, అంతే. స్పిన్ మధ్యలో పంపు ఆగి ఆగి తిరగడం కూడా మామూలే.

గరగర, కటకట, నీళ్లు మాత్రం పోతున్నాయి

పంపు లోపలి ఫ్యాన్ రెక్కలకి గట్టి వస్తువు తగులుతోంది. జేబులో మిగిలిన చిల్లర, జాకెట్టు హుక్కు, పిన్నీసు, చెవిదిద్దు సీల, చిన్న రాయి. పెద్దవి ఫిల్టర్ దగ్గరే ఆగిపోతాయి. సన్నవి జారుకుని రెక్కల దాకా వెళ్తాయి. రెక్కలు ప్లాస్టిక్‌వి, ఈ గోలతో నెలల తరబడి వాడితే విరుగుతాయి. గరగర వినిపించిన రోజే తెరవడం మంచిది.

గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్లొచ్చిన బట్టల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గంజాం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. ఛత్రపూర్ దగ్గర ఐఆర్‌ఈఎల్ (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) సంస్థ తవ్వేది వీటికోసమే. మామూలు ఇసుక కన్నా బరువు కాబట్టి ఈ రేణువులు నీళ్లతో పాటు కొట్టుకుపోకుండా పంపు గూట్లో అడుగుకి చేరతాయి, ఇరుసును అరగదీస్తాయి. ఆ బట్టల్ని ఎండబెట్టి, దులిపి, బకెట్లో ఒకసారి జాడించాకే మెషిన్‌లో వెయ్యండి.

హూమ్మని మూలుగు, నీళ్లు కదలవు

కరెంటు అందుతోంది, రెక్కలు తిరగడం లేదు. ఇలాంటప్పుడు ఎల్‌జీ మెషిన్‌లో ఓఈ అనీ, సామ్‌సంగ్‌లో 5సీ లేదా 5ఈ అనీ, బాష్‌లో ఈ18 అనీ కనిపిస్తుంది. ఈ కోడ్‌లకి అర్థం నీళ్లు బయటికి పోవడం లేదని మాత్రమే. పంపు పోయిందని కాదు.

నేను ఎక్కువగా చూసే కారణం దారం. కాశీనగర్‌లో ఒక ఇంట్లో తీసినది ఇంకా గుర్తుంది. గాముఛా (ఒడియావాళ్ల పల్చటి తువ్వాలు) అంచు కుచ్చు దారాలు, ఎరుపూ తెలుపూ, రెక్కల కింద ఇరుసు చుట్టూ తాడు పేనినట్టు బిగుసుకుపోయాయి. వాటి మధ్య తలవెంట్రుకలు, సబ్బు మడ్డి, ఒక జాకెట్టు హుక్కు. పైనుంచి చూస్తే రెక్కలు శుభ్రంగానే కనిపించాయి. టార్చి వేసి, పట్టకారుతో దారం కొస దొరికించుకుని, రెక్కల్ని వెనక్కి తిప్పుతూ లాగితే మొత్తం ఊడొచ్చింది. “పంపు మార్చాలేమో అనుకున్నాను బాబూ” అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. “అక్కర్లేదు పిన్నిగారూ, గాముఛాలు మాత్రం వల సంచీలో వేసి ఉతకండి” అని చెప్పాను. కొత్త తువ్వాళ్లకీ, కుచ్చులున్న దుప్పట్లకీ అదే మాట.

బోరు నీళ్లలో ఇనుము ఉన్న ఇళ్లలో ఎర్రటి మడ్డి సబ్బుతో కలిసి జిగురుగా పేరుకుంటుంది. దానికి పాత టూత్‌బ్రష్, గోరువెచ్చని నీళ్లు చాలు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ డ్రమ్ములో పోయమని ఎవరైనా చెబితే వినకండి. రబ్బరు, లోపలి లోహపు భాగాలు పాడవుతాయి, ఇరుక్కున్న హుక్కు మాత్రం అక్కడే ఉంటుంది.

ఫిల్టర్ తెరిచే పద్ధతి

తొందరపడి ఇల్లంతా నీళ్లు చేసుకునేది ఇక్కడే. ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. కుళాయి కట్టేయండి. వేడినీళ్లలో ఉతుకుతుండగా ఆగిపోయి ఉంటే చల్లారే దాకా ఆగండి, 60 డిగ్రీల నీళ్లు మీద పడితే చెయ్యి కాలుతుంది.

మెషిన్ ముందు కింది మూలలో చిన్న మూత ఉంటుంది. తెరిస్తే గుండ్రటి ఫిల్టర్ పిడి, చాలా మోడళ్లలో దాని పక్కన వేలెడు రబ్బరు గొట్టం కనిపిస్తాయి. ఆ గొట్టాన్ని లాగి, బిరడా తీసి, అంచు తక్కువ ఉన్న పళ్లెంలోకి నీళ్లు వదలండి. నిండగానే బిరడా పెట్టి, పారబోసి, మళ్లీ పట్టండి. విసుగు పుడుతుంది, డ్రమ్ము నిండుగా ఉంటే బకెట్ నీళ్లు దాటొచ్చు. గొట్టం లేని మోడల్‌లో కింద పాత దుప్పటి పరిచి, ఫిల్టర్‌ని కొద్దిగా ఎడమకి తిప్పి, కారినంత కారనిచ్చి, మళ్లీ బిగిస్తూ ఖాళీ చేయాలి. ఒక్కసారే తిప్పేశారో, వరద.

నీళ్లు ఆగాక ఫిల్టర్ పూర్తిగా బయటికి తీయండి. గూట్లో వేలు పెట్టేముందు టార్చి వేయండి, పిన్నీసులూ గాజు ముక్కలూ అక్కడే ఉంటాయి. లోపల కనిపించే రెక్కల్ని ఒక పుల్లతో తిప్పండి. ఆగి ఆగి, అంచెలంచెలుగా తిరుగుతాయి. అది లోపం కాదు, లోపలి అయస్కాంతం పట్టు వల్ల అలా ఉంటుంది. చుట్టుకున్న దారం తీసేశాక కూడా అసలు కదలకపోయినా, ఇరుసు అటూ ఇటూ బాగా ఊగినా, రెక్క విరిగి ఉన్నా మాత్రం పంపు మార్చాల్సిందే.

తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు రింగును తుడవండి. దాని మీద ఒక్క దారప్పోగు ఉన్నా చుక్కచుక్కగా కారుతుంది. మర పక్కకి పోకుండా కూర్చోబెట్టి, గట్టిగా బిగించి, డ్రమ్ములో లీటరు నీళ్లు పోసి, కారడం లేదని చూశాకే ప్లగ్గు పెట్టండి. ఫిల్టర్ బిగుసుకుపోయి రాకపోతే ప్లయర్‌తో విరగ్గొట్టకండి. అప్పుడు అడుగు నుంచి పంపే విప్పాలి, అది మెకానిక్ పని.

ఫిల్టర్ శుభ్రంగా ఉంది, అయినా నీళ్లు పోవు

పెరట్లో కొబ్బరిచెట్టుకి పనికొస్తాయని పైపుకి ఇంకో పైపు అతికించి దూరం లాగడం మన ఇళ్లలో అలవాటు. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే. కానీ ఈ పంపు చాలావాటిలో సుమారు 30 వాట్లదే. పైపు పొడుగైనా, మధ్యలో మడతపడినా, గోడ మీదుగా ఎక్కించినా దానికి శక్తి చాలదు. ఆ మెషిన్‌కి ఇచ్చిన పైపుతో నీళ్లు ఒక తొట్టిలోకి పట్టి, అక్కడి నుంచి చెట్లకి పోసుకోండి. పైపు చివర సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. నేల మీద పడేస్తే ఇంకో చిక్కు, పోసిన నీళ్లు పోసినట్టే బయటికి జారిపోతాయి.

పైపు విప్పి బకెట్‌లో పెట్టి తోడించండి. అప్పుడు జోరుగా వస్తే అడ్డు పైపులోనో, గోడలోని గొట్టంలోనో ఉంది. డ్రమ్ముకీ పంపుకీ మధ్య ఉన్న మడతల రబ్బరు గొట్టంలో చిన్నపిల్లల మేజోడు ఇరుక్కోవడం కూడా చూశాను. ఫిల్టర్ గూట్లోకి నీళ్లు సన్నగా వస్తుంటే అనుమానించాల్సింది దాన్నే.

సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో పంపు మూలిగి ఊరుకుంటుంది, పొద్దున్న అదే పంపు హాయిగా తోడుతుంది. ఆ ఇళ్లలో మార్చాల్సింది పంపు కాదు, ఉతికే వేళ. లేదా స్టెబిలైజర్ పెట్టించండి.

అస్సలు చప్పుడే లేదు

తీగ ఊడి ఉండొచ్చు, మెషిన్ లోపలి బోర్డు నుంచి కరెంటు రాకపోవచ్చు, కాయిల్ కాలి ఉండొచ్చు. ప్లగ్గు తీసి, పంపు తీగలు విడదీసి, మల్టీమీటర్‌తో చూస్తే మంచి కాయిల్ చాలావాటిలో 150 నుంచి 200 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. మీటరు అసలు కదలకపోతే కాయిల్ తెగింది. మీటరు వాడే అలవాటు లేకపోతే ఇక్కడ ఆగి మెకానిక్‌ని పిలవండి.

కొత్తది కొనడానికి బరంపురమో శ్రీకాకుళమో వెళ్తే పాత పంపు చేతిలో పట్టుకెళ్లండి. మెషిన్ కంపెనీ పేరు చెప్తే చాలదు. ఒకే కంపెనీలో స్క్రూలతో బిగించేవీ, తిప్పి లాక్ చేసేవీ ఉంటాయి. వోల్టులు, వాట్లు, తీగలు తగిలించే పిన్నుల దిశ, నీళ్లు బయటికొచ్చే మూతి వైపు, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుని తీసుకోండి. కొన్నిసార్లు గూడు బాగానే ఉండి మోటారు ఒక్కటే పోతుంది. అది విడిగా దొరికితే అదే కొనండి, ఖర్చు తగ్గుతుంది.