ఆకాశంలో ఎదురుపడితే – ఐదో పాఠం: ఎవరి మాట వినాలి?

పోయిన పాఠంలో టీకాస్, అంటే మరో విమానం ఢీకొనేలా దగ్గరికొస్తే పైలట్‌ను హెచ్చరించే పరికరం, ఇచ్చే "ట్రాఫిక్, ట్రాఫిక్" అనే తొలి హెచ్చరిక దగ్గర ఆగాం. అప్పుడు కళ్లకే పని, చేతులకు కాదు. తెర మీద పసుపు చుక్క కనబడగానే విమానాన్ని పక్కకు తిప్పేయడం కొత్తవారి జబ్బు. ఈ వారం ఆ చుక్క ఎర్ర చదరంగా మారుతుంది.

దానితో పాటే "క్లైమ్, క్లైమ్" (ఎక్కు) అనో "డిసెండ్, డిసెండ్" (దిగు) అనో టీకాస్ గొంతు వినిపిస్తుంది. నిలువు వేగం చూపే ముల్లు దగ్గర ఎర్ర పట్టీ, పచ్చ పట్టీ వెలుగుతాయి. చాలా విమానాల్లో ఆటోపైలట్‌ను తీసేసి, ముల్లును చేత్తోనే పచ్చలోకి తేవాలి. 5 సెకన్లలో కదలాలి. ఎక్కడమైనా దిగడమైనా సాధారణంగా నిమిషానికి 1,500 అడుగులు చాలు. కంగారుగా లాగితే ప్రయాణికులకు దెబ్బలు తగులుతాయి.

రాయగడలో మా వసారాలో మేనల్లుడి చేత ఇది చేయించాను. చెక్క కుర్చీ, చేతిలో పప్పుగుత్తి, ఎదురుగా గోడ మీద సుద్దతో గీసిన పట్టీలు. వెనక నుంచి నేను "డిసెండ్" అన్నాను. అదే క్షణంలో కంట్రోలర్ (నేల మీద నుంచి రేడియోలో విమానాలకు దారి చెప్పే ఉద్యోగి) వేషంలో ఉన్న వాడి చెల్లెలు "పైకి వెళ్లండి" అంది. వాడు తల తిప్పి, "మామయ్యా, ఎవరి మాట వినాలి?" అన్నాడు. అప్పటికే 7 సెకన్లు.

టీకాస్ మాటే వినాలి. సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డులో ఇరుకు మలుపు దగ్గర రెండు లారీల క్లీనర్లు దిగి, చేతులతో మాట్లాడుకుని, ఒకదాన్ని ఆపి రెండోదాన్ని పంపుతారు. వెనక బస్సులోంచి ఎవరో "పోనీ, పోనీ" అని అరిస్తే డ్రైవరు వింటాడా? టీకాస్‌లదీ అదే పద్ధతి. రెండు యంత్రాలూ ముందే మాట్లాడుకుని, నువ్వు పైకి, నేను కిందికి అని ఒప్పందానికి వస్తాయి. ఆ ఒప్పందం సంగతి కంట్రోలర్‌కు తెలియదు.

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ మీద జరిగింది ఇదే. రష్యా విమానం టుపొలెవ్ సిబ్బందికి టీకాస్ పైకి వెళ్లమంది, కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్లు దిగారు. ఎదుటి బోయింగ్ 757 తన టీకాస్ చెప్పినట్టే దిగింది. రెండింటిలోని 71 మందీ పోయారు. 1996లో 349 మందిని బలిగొన్న చర్ఖీ దాద్రీ ప్రమాదం తర్వాతే మన దేశంలో ఈ పరికరం తప్పనిసరి అయింది.

అందుకే టీకాస్ చెప్పినదానికి వ్యతిరేక దిశలో ఎప్పుడూ వెళ్లకూడదు. విమానం స్టాల్ అవుతున్నా (రెక్కలు దాన్ని మోయలేకపోతున్నా), నేల ముంచుకొస్తోందనే హెచ్చరిక మోగినా మాత్రం ముందు వాటి సంగతే చూడాలి.

రేడియోలో "టీకాస్ ఆర్ఏ" అంటే చాలు. ఆర్ఏ అంటే టీకాస్ ఇచ్చే ఎక్కు, దిగు లాంటి ఆదేశం. సంజాయిషీలు తర్వాత. అది విన్నాక కంట్రోలర్ మిమ్మల్ని ఎక్కమనీ దిగమనీ చెప్పడు. "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" (ముప్పు తప్పింది) అని టీకాస్ అనగానే ఆ మాట అతనికి చెప్పి, మునుపటి ఎత్తుకు చేరుకోండి.

ఈ వారమంతా రోజుకు పదిసార్లు చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో టీకాస్ మధ్యలో మాట మార్చి, ఎక్కేవాణ్ణి దిగమంటుంది. అప్పుడు గడువు రెండున్నర సెకన్లే. మా వాడు నాలుగో రోజుకు 4 సెకన్లకు వచ్చాడు. ఆ పూటే మా అక్క వచ్చి పప్పుగుత్తి పట్టుకెళ్లిపోయింది.