స్టీరింగ్ లూజు, టక్ టక్ శబ్దం: టై రాడ్ ఎండ్ ఇంట్లో మార్చుకోవడం

సమస్య: స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటుంది. స్టీరింగ్ కొంచెం తిప్పినా బండి వెంటనే తిరగదు. తిన్నని రోడ్డు మీద కూడా సరిచేసుకుంటూ ఉండాలి. టైరు ఒక అంచే అరుగుతుంది. 80 దాటాక మాత్రమే స్టీరింగ్ వణుకుతుంటే మొదట వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి, అనవసరంగా పార్టులు కొనొద్దు.

కారణం: హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, జాకీతో లేపి స్టాండ్ మీద దించండి. జాకీని మాత్రమే నమ్మి బండి కింద చెయ్యి పెట్టొద్దు, ఇందులో రాజీ లేదు. చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి. ఆ సమయంలో ఇంకొకరు టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే రాడ్డు) చివరి కీలు మీద వేలు ఆనించి చూడాలి. ఆ కీలే టై రాడ్ ఎండ్. అక్కడే ఆట (లూజు) తెలిస్తే టై రాడ్ ఎండ్ పోయినట్టే. సాధారణంగా రబ్బరు బూటు చిరిగి ఉంటుంది. గ్రీజు పోయి, దుమ్మూ నీళ్లూ చేరి లోపలి బాల్ అరిగిపోతుంది. 12, 6 దగ్గర ఊగితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఆట లోపల, బెల్లోస్ (ముడతల రబ్బరు తొడుగు) వెనక ఉంటే అది రాక్ ఎండ్, అంటే రాడ్డు లోపలి చివరి కీలు. దానికి వేరే టూల్ కావాలి, మెకానిక్‌కే వదిలేయండి.

పరిష్కారం: చక్రం విప్పి, మరలకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి కాసేపు ఆగండి. కీలు ఇంకా బిగిసి ఉండగానే లాక్ నట్టును (టై రాడ్ ఎండ్‌ను రాడ్డు మీద కదలకుండా పట్టి ఉంచే నట్టు) పావు చుట్టు వదులు చేయండి. కీలు ఊడాక చేద్దామంటే రాడ్డంతా తిరిగిపోతుంది. మొదటిసారి నాకు సగం పూట దీనికే పోయింది.

స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే పిన్) తీసి, కీలు పై నట్టును పూర్తిగా ఊడదీయకుండా మరల చివర ఉంచండి. నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప భాగం) కన్ను, అంటే కీలు దూరే రంధ్రం, పక్కన సుత్తితో గట్టిగా కొడితే టేపర్ (కీలు మొన సన్నబడుతూ బిగుసుకునే భాగం) వదులుతుంది. మర మీద మాత్రం కొట్టొద్దు. పాతది ఎన్ని చుట్లకు ఊడిందో రాసుకుని, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. బిగించేటప్పుడు బాల్ కూడా తిరిగిపోతుంటే కింద నుంచి జాకీతో కొంచెం పైకి నొక్కండి, టేపర్ పట్టుకుంటుంది. బిగువు మాత్రం మీ కారు మాన్యువల్ ప్రకారమే. పిన్ రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించండి, వెనక్కి తిప్పొద్దు. స్ప్లిట్ పిన్ కొత్తదే వేయండి. లాక్ నట్టు బిగించడం మరవద్దు.

చుట్లు లెక్కపెట్టడం అలైన్‌మెంట్ షాపు దాకా వెళ్లడానికే. అదే రోజు నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించండి, లేకపోతే కొత్త టైరు కూడా అరిగిపోతుంది.