రెండు ఇంటర్నెట్ లైన్లు, రెండు రౌటర్లు: వాడకాన్ని రెండింటి మీదా పంచడం ఎలా?

మా ఇంట్లో ఇద్దరం ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాం. ఓసారి వీధిలో తవ్వుతుంటే ఫైబర్ తెగి రెండు రోజులు నెట్ లేదు. ఆ టెన్షన్ మళ్లీ వద్దని వేరే కంపెనీ లైన్ కూడా పెట్టించుకున్నాం. తీరా చూస్తే ఫోన్లన్నీ పాత వైఫైకే అతుక్కుని ఉండేవి, కొత్త లైన్ ఖాళీగా ఉండేది. రెండింటికీ డబ్బు కడుతున్నప్పుడు రెండూ పనిచేయాలి కదా. అందుకు రెండు వ్యాన్ పోర్టులు (బయటి నెట్ లైన్ తగిలించే చోట్లు) ఉండి, వాడకాన్ని రెండు లైన్ల మీదా పంచే లోడ్ బ్యాలెన్స్ రౌటర్ ఒకటి కావాలి. టీపీ-లింక్ ఈఆర్605 లాంటిది ఇంటికి చాలు.

ఒక సంగతి ముందే తెలియాలి. 100 ఎంబీపీఎస్ లైనూ 50 ఎంబీపీఎస్ లైనూ కలిపితే ఒక్క డౌన్‌లోడ్‌కు 150 రాదు. గోదావరి మీద ఎన్ని వంతెనలున్నా ఒక లారీ ఒక వంతెన మీదుగానే దాటుతుంది. మనం లారీలను పంచుతాం, అంతే.

ముందుగా అడ్రస్‌లు మార్చాలి. కంపెనీలు ఇచ్చే రౌటర్లు చాలావరకు 192.168.1.1 అడ్రస్‌తోనే వస్తాయి. రెండూ అదే అయితే గందరగోళమే. రెండో రౌటర్‌కు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి, బ్రౌజర్‌లో దాని అడ్రస్ తెరిచి, లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో 192.168.2.1 అని మార్చి సేవ్ చేయండి.

తర్వాత మొదటి రౌటర్ లాన్ పోర్టు నుంచి కొత్త పెట్టె (ఈఆర్605) వ్యాన్1కు, రెండోదాని నుంచి వ్యాన్2కు కేబుల్ వేయండి. రెండు వ్యాన్‌లకూ డైనమిక్ ఐపీ (అడ్రస్ దానంతటదే తీసుకునే పద్ధతి) ఎంచుకోండి. పాత రౌటర్ల వైఫై ఆపేయండి, లేకపోతే ఫోన్లు నేరుగా వాటికే వెళ్తాయి. ఈఆర్605లో వైఫై ఉండదు కాబట్టి దాని లాన్ పోర్టుకు వైఫై ఇచ్చే పెట్టె, అంటే ఒక యాక్సెస్ పాయింట్ తగిలించాలి.

ఇప్పుడు ఈఆర్605 సెట్టింగ్స్‌లో లోడ్ బ్యాలెన్సింగ్ ఆన్ చేసి, ఒక్కో లైన్ వేగం నింపండి. ప్లాన్‌లో రాసింది కాదు, స్పీడ్ టెస్ట్‌లో నిజంగా వచ్చింది. ఆ లెక్కను బట్టే అది వాటాలు వేస్తుంది. అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రూటింగ్ కూడా ఆన్‌లో ఉంచండి, అది ఒకే పనికి సంబంధించిన కనెక్షన్లను ఒకే దారిలో పంపుతుంది. లేకపోతే బ్యాంకు సైట్‌లో లాగిన్ ఒక దారిలో, తర్వాతి పేజీ ఇంకో దారిలో వెళ్తే మధ్యలో లాగౌట్ అయ్యే ప్రమాదం ఉంది.

చాలామంది వదిలేసేది ఆన్‌లైన్ డిటెక్షన్, అంటే లైన్‌లో నిజంగా నెట్ ఉందో లేదో చూసే సెట్టింగ్. అసలు ఉపయోగం అక్కడే ఉంది. బయట ఫైబర్ తెగినా, ఇంట్లో రౌటర్‌కూ ఈ పెట్టెకూ మధ్య కేబుల్ బాగానే ఉంటుంది. దాంతో ఈ పెట్టె లైన్ బతికే ఉందనుకుని కొన్ని కనెక్షన్లను అటే పంపుతుంది. అందుకే ఒక వ్యాన్‌కు 8.8.8.8 (గూగుల్‌ది), ఇంకోదానికి 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్‌ది) పింగ్ అడ్రస్‌గా, అంటే జవాబు వస్తుందో లేదో పలకరించి చూసే అడ్రస్‌గా ఇవ్వండి. జవాబు రాకపోతే ఆ దారి మూసేసి అంతా రెండోదాని మీదకు మళ్లిస్తుంది. అప్పుడు నడుస్తున్న వీడియో కాల్ ఒకసారి తెగవచ్చు, మళ్లీ కలపాలి.

సీసీ కెమెరాలను బయటి నుంచి చూడటానికి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని కెమెరాకు మళ్లించే సెట్టింగ్) వాడుతుంటే, ఇక కంపెనీ రౌటర్‌లోనూ ఈ కొత్త పెట్టెలోనూ రెండు చోట్లా పెట్టాలి.

రెండో లైన్ ఇంకా తీసుకోకపోతే, కేబుల్ ఏ స్తంభం మీదుగా వస్తుందో బిగించే అబ్బాయిని అడగండి. రెండూ ఒకే స్తంభం మీదుంటే ఒక్క లారీ తగిలినా రెండూ తెగుతాయి.