తుపాన్ల కాలం రాకముందే కిటికీలు మార్చాలంటే

మా విశాఖలో కొత్త కిటికీల ఊసు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. తొలకరి జల్లుకి పరుపు తడిసినప్పుడు ఒకసారి, బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పినప్పుడు మరోసారి. రెండూ ఆలస్యమే. కొలతలు తీసుకున్నాక కిటికీ తయారై రావడానికి వారాలు పడుతుంది. పాతది పీకిన రోజు గోడకి బారెడు కంత మిగులుతుంది. నైరుతి జూన్‌లో దిగుతుంది, పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే ఉగాది వెళ్లగానే ఆర్డరిచ్చి మే నెలలో పని ముగించుకోవడం మేలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. కట్టడాలపై గాలి ఒత్తిడిని లెక్కగట్టే మన దేశ ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకి ఇచ్చిన మూల వేగం, అంటే లెక్కకి ఆధారంగా తీసుకునే గాలి వేగం, సెకనుకు 50 మీటర్లు. గంటల్లోకి మారిస్తే అదీ 180 కిలోమీటర్లే. హైదరాబాద్‌కి 44 మీటర్లు. కాబట్టి 'హైదరాబాద్‌లో బావగారింట్లో పెట్టారు, భలే ఉన్నాయి' అన్న మాట మీద ఆర్డరివ్వకండి. షాపువాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు: మా ఊరికి, మా అంతస్తుకి, ఈ సైజు కిటికీకి ఎంత గాలి లెక్కేశారు?

అసలు మార్చాలా అన్నది కూడా చూసుకోండి. పాత టేకు ఫ్రేము అడుగు మూలల్లో స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే రెక్కలు, బందులు, గడియలు మార్చుకుంటే సరిపోవచ్చు. అలాంటి టేకు ఈ రోజుల్లో కొనాలంటే గుండె ఆగుతుంది. మెత్తగా దిగబడినా, చెదమట్టి కనబడినా ఇక మొహమాటం వద్దు, పీకించేయండి.

సముద్రం వైపు గదులకి నా ఓటు తలుపులా తెరుచుకునే రెక్కకే. గడియ బిగిస్తే రెక్క చుట్టూ ఉన్న రబ్బరు నొక్కుకుని జల్లుని ఆపుతుంది. జరిపే కిటికీ చోటు కలిసొస్తుంది, కానీ కింది పట్టాలో నీళ్లు నిలుస్తాయి. బయటికి పోయే రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోతే ఆ నీళ్లు గదిలోకే. జరిపేదే పెట్టుకుంటే ఆ రంధ్రాలు ఎక్కడున్నాయో చూపించమనండి, వానలకి ముందు పుల్లతో శుభ్రం చేయండి. రెక్క గాలికి పట్టాలోంచి లేచిపోకుండా పైన అడ్డు ఉందో లేదో కూడా చూడండి.

ఫ్రేము యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) అయితే లోపల జింకు పూత ఉన్న ఇనుప గొట్టం ఉండాలి. బయటికి కనబడదు కాబట్టి దాన్ని ఎగ్గొట్టడం సులువు. కోసిన ముక్క చూపించమనండి, కొటేషన్‌లో ఆ ఇనుము మందం రాయించండి. అల్యూమినియం అయితే పౌడరు కోటింగు నాణ్యత చూడాలి. ఏదైనా సరే, ఉప్పుగాలికి ముందు పోయేవి స్క్రూలు, బందులే. బీచ్ దగ్గరైతే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.

టఫెన్డ్ గాజు (వేడిచేసి గట్టిపరిచినది) పగిలితే చిన్న పలుకులుగా రాలిపోతుంది. మనిషికి పెద్ద గాయం కాదు గానీ కిటికీ ఖాళీ అయిపోతుంది. రెండు గాజుల మధ్య పొర ఉన్న లామినేటెడ్ గాజు పగిలినా ఫ్రేములోనే అంటుకుని ఉంటుంది. ఖర్చు ఎక్కువ, అందుకని గాలి నేరుగా కొట్టే గోడకైనా అది పెట్టించుకోండి. గాజు మీద టేపు గుణకారం గుర్తులా అంటిస్తే ఆగుతుందన్నది భ్రమ. ఎదురు కిటికీ తెరిస్తే ఒత్తిడి సమానమవుతుందన్నదీ అంతే. లోపలికి చొరబడ్డ గాలి పైకప్పునే ఎత్తుతుంది.

నీళ్లు ఎక్కువగా వచ్చేది రెక్కలోంచి కాదు, గోడకీ ఫ్రేముకీ మధ్య సందులోంచి. ఈ ఒక్క మాట మేస్త్రీకి పదిసార్లు చెప్పండి. వెడల్పు, ఎత్తు మూడేసి చోట్ల కొలిచి తక్కువ వచ్చిన కొలతే తీసుకోవాలి, మూల నుంచి మూలకీ కొలవాలి. పాత గోడలు వంకరగానే ఉంటాయి. సందు మొత్తం సిమెంటుతో పూడ్చేసి చేతులు దులుపుకుంటారు, ఎండకి యూపీవీసీ సాగినప్పుడు అంచు చీలుతుంది. బయటి వైపు ఆరుబయట తట్టుకునే సిలికాన్ సీలెంటు పడాలి. కిటికీ కింది గ్రానైటు పలక బయటికి వాలుగా ఉండాలి. మా వంటగదిలో లోపలికి వాలింది, రెండేళ్లు గుడ్డలు పిండుతూ గడిపాం.

పాత ఫ్రేముతో పాటే ఊచలూ పోతాయని చాలామందికి పీకేదాకా తట్టదు. పిల్లలుంటే కొత్త గ్రిల్లు అదే రోజు బిగించేలా మాట్లాడుకోండి. పడకగదిలో ఒక గ్రిల్లైనా లోపలి నుంచి తెరుచుకునేలా ఉంటే అగ్గి పుట్టినప్పుడు దారి దొరుకుతుంది. అపార్ట్‌మెంటైతే ముందే సంఘానికి రాసివ్వండి.

పని రోజున ఒక గది ముగిశాకే రెండో గది మొదలుపెట్టించండి, టార్పాలిన్ దగ్గరుంచుకోండి. పాత సన్‌షేడ్ మీద మనిషిని నిలబెట్టనివ్వకండి, లోపల ఇనుము తుప్పు పట్టి ఉండొచ్చు. బెల్టు లేకుండా పై అంతస్తుల్లో పని చేయనివ్వద్దు. సీలెంటు ఆరాక గొట్టంతో కింది నుంచి పైకి, ఒక్కో అంచుకి కొన్ని నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపల వేలితో తడిమి చూడండి. చివరి విడత డబ్బు అప్పటిదాకా మీ దగ్గరే ఉండాలి.